పత్రికకెక్కిన ఇంటిమాట

జిల్లా పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో బురుల్చా చేరి అప్పటికి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఎన్ని చావులు దిద్దిందో ఆమెకే తెలియదు. నారిన్ కొండల్లో చలి మొదలైందంటే ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయేవారు. నాలుగో పేజీ అడుగున నల్లగీతల పెట్టెలు పక్కపక్కన పేరుకునేవి. వాటిలో ఒక్క మాట అటూ ఇటూ అయిందంటే చాలు, మర్నాడు పొద్దున్నే పోయినవాళ్ళ తాలూకు మనుషులు గుర్రాలను ఆఫీసు ముందు చెట్లకు కట్టేసి, విసవిసా లోపలికి వచ్చేవారు.

అందుకే సంపాదకుడు తుర్గున్‌బాయ్ ఒక కాగితం టైపు చేయించి ఆమె బల్ల ఎదురుగా గోడకు కొట్టించాడు. ఎవరు పోతే ఏ మాట వేయాలో దానిమీద ఉంది. పేరూ పతకాలూ ఉన్న పెద్దమనిషయితే ‘అక్సకాల్’. అంటే తెల్లగడ్డం. ఆయన రోజూ నున్నగా గడ్డం గీసుకునేవాడయినా సరే, గడ్డం లేకపోవచ్చుగానీ మాట ఉండి తీరాలి. పిల్లల్నీ మనవల్నీ పెంచి నలుగురిలో మాట చెల్లిన ఇల్లాలయితే ‘బైబిచే’. ఈ రెండింటికీ అందనివాళ్ళను పెద్దవారు అని ఊరుకోవాలి. కాగితం అడుగున ఎర్ర పెన్సిలుతో ఒక గీత, దానికింద ఇంకో రెండు మాటలు: అబిష్కా, కెంపిర్. ముసలోడు, ముసల్ది. ‘ఇవి ఇంట్లోనూ సంతలోనూ అనుకునేవి. పత్రికలో పడకూడదు.’

బురుల్చాకు ఆ కాగితం చూసి దిద్దాల్సిన అవసరమే లేదు. అది ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఆ ఎర్రగీత కింద మాటల మీదికి చూపు పోయినప్పుడల్లా మనసు వేరే ఇంటికి వెళ్ళిపోయేది. ఆమెను పెంచింది అమ్మమ్మ, తాతయ్య. తాతయ్య మంద తోలుకొచ్చి, వాకిట్లో బూట్ల మంచు దులుపుకుంటూ, “ఏయ్ కెంపిర్! బతికున్నావా?” అని అరిచేవాడు. అమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచే, “నిన్ను మట్టిలో పెట్టకుండా పోతానా!” అనేది. రోజూ ఇదే. తాతయ్య పోయాక కోడళ్ళూ ఇరుగుపొరుగూ అందరూ అమ్మమ్మను బైబిచే, బైబిచే అని నెత్తిన పెట్టుకున్నారు. అమ్మమ్మ పలికేది. కానీ సాయంత్రం మందలు దిగే వేళకు చేతిలో పని ఆపి వాకిలివైపు చూస్తూ కాసేపు కూచునేది. ఎవరికోసమని బురుల్చా ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇది జరిగింది పందొమ్మిదివందల డెబ్బై నాలుగు సెప్టెంబరులో. కోక్-జార్ కనుమ నుంచి టపామనిషి ఒక కవరు తెచ్చిచ్చి పోయాడు. అందులో చదరపు గళ్ళ కాగితం ముక్క. చూడగానే బురుల్చాకు ఏమీ అర్థంకాలేదు. అవి పాత అక్షరాలు, తను పుట్టకముందే ఎత్తేసిన లిపి. కొన్నాళ్ళు బళ్ళో అవే అక్షరాల్లో జర్మన్ నేర్చుకున్న పుణ్యాన కూడబలుక్కోగలదుగానీ నమ్మకం చాలదు. మధ్యలో ఒకే ఒక్క పేరు మాత్రం ఇప్పటి అక్షరాల్లో, వేరే సిరాతో, వేరే చేత్తో రాసి ఉంది: దోరోన్‌బెక్.

కాగితం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ సిదిక్ మామ సీసపు అక్షరాలు కూర్చేవాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. వేళ్ళు ఎంత తోమినా నలుపు పోయేది కాదు.

“అమ్మాయ్, రేపు నేను పోతే నాకే మాట వేస్తావు?” అన్నాడు ఆమెను చూడగానే. ఇది ఆయన రోజూ వేసే ప్రశ్న.

“మీకు పతకాల్లేవుగా మామా. పెద్దవారు అని వేస్తాను.”

“పోనీ గడ్డం పెంచనా?”

“ముందు ఇది చదవండి.”

ఆయన కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని కాగితం ముక్కుదాకా తెచ్చుకున్నాడు. ఈ అక్షరాలు చూసి ఎన్నాళ్ళయిందో అని గొణుక్కుని, మెల్లగా చదివాడు:

“నా అబిష్కా వెళ్ళిపోయాడు. కోక్-జార్ గుర్రాల మందల కాపరి దోరోన్‌బెక్. అరవై మూడేళ్ళు. ఎరిగినవాళ్ళు ఒకసారి తలుచుకోండి. ఆయన ఇంటిది.”

“మళ్ళీ చదవండి.”

“చెవుడా ఏంటే?”

“కాదు మామా. మళ్ళీ.”

మళ్ళీ చదివాడు. అచ్చుయంత్రం పక్కగదిలో దడదడమంటోంది.

“గోడమీద కాగితం ప్రకారం అయితే ఇక్కడ అక్సకాల్ అని పడాలి,” అన్నాడు సిదిక్ మామ. “దోరోన్‌బెక్ సామాన్యుడు కాదు. జిల్లా సభల్లో ముందు వరస.”

“ఆవిడ రాసింది వేయండి.”

“మరి కాగితం?”

“గోడకు నేను చెప్పుకుంటాను.”

ఆయన ఆమెవంక ఒక క్షణం చూసి, కళ్ళద్దాలు కిందికి దించుకుని, అక్షరాల గూళ్ళమీద చెయ్యి వేశాడు. ప్రూఫు వచ్చాక బురుల్చా చివర ఒక చుక్క మాత్రం దిద్ది, మూలన తన పొట్టి సంతకం పెట్టింది.

గురువారం పత్రిక వెళ్ళింది. శుక్రవారం పొద్దున్నే దోరోన్‌బెక్ పెద్దకొడుకు అసన్‌కుల్ వచ్చాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ట్రాక్టర్ల జట్టుకు పెద్ద. పత్రికను చుట్టచుట్టి పట్టుకున్నాడు. మంచి మర్యాదస్థుడని అందరికీ తెలుసుగానీ, ఆ రోజు నమస్కారం కూడా సగమే చెప్పాడు.

“తుర్గున్‌బాయ్ అన్నా, ఇదేంటో చదివి చెప్పండి. మీ నోటితోనే చదవండి.”

సంపాదకుడు చదివాడు. చదువుతూ చదువుతూ ఆయన మెడ కాలరు దాకా ఎర్రబడింది.

“మా నాన్నకి రెండు పతకాలున్నాయి,” అన్నాడు అసన్‌కుల్. “యుద్ధంలో ఒకటి, గుర్రాలు పెంచినందుకు ఒకటి. మీరే ఎన్నిసార్లు ఫొటో వేశారు! అట్లాంటి మనిషిని పట్టుకుని ‘నా ముసలోడు’ అంటారా? నిన్న గోదాము దగ్గర కుర్రకుంకలు నన్ను చూసి, ‘మీ ముసలోడు పోయాడంట కదా’ అని పళ్ళికిలిస్తున్నారు. నేనేం చెప్పాలి వాళ్ళకి?”

“సిదిక్!” అని కేకేశాడు తుర్గున్‌బాయ్.

సిదిక్ మామ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“ఇది పాత అక్షరాల కాగితమట కదా. చదివింది నువ్వేగా? కళ్ళు కనపడకపోతే కనపడట్లేదని చెప్పు. అక్సకాల్‌కీ అబిష్కాకీ తేడా తెలీకుండా ఎట్లా కూర్చావయ్యా? ఇంక నిన్ను పింఛనుకు పంపేస్తే సరి.”

సిదిక్ మామ తల వంచుకున్నాడు. అది చూసి బురుల్చా పెన్సిలు పక్కన పెట్టింది. కుర్చీలోంచి లేచింది.

“అన్నా, మామ సరిగ్గానే చదివారు. రెండుసార్లు చదివించుకున్నాను. కాగితంలో ఉన్నదదే. మార్చాల్సింది నేను, మార్చలేదు.”

“చూడలేదా?”

“చూశాను.”

“చూసి వదిలేశావా?”

“చూసే వదిలేశాను.”

అసన్‌కుల్ అడ్డంగా తలూపాడు. “అబద్ధం చెల్లీ. మా అమ్మకి రాయటమే రాదు. కాగితాల మీద వేలిముద్ర వేస్తుంది. ఎవరో వేళాకోళానికి రాసి పంపారు.”

బురుల్చా సొరుగులోంచి కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఆ అక్షరాలు ఆయనకూ రావు. పొయ్యి మసి అంటిన బొటనవేలి గుర్తు ఒకటి కాగితం మూలన ఉంది. దానివైపే కాసేపు చూశాడు.

“రేపు నీతోపాటు ఈ అమ్మాయిని కోక్-జార్ తీసుకుపో,” అన్నాడు తుర్గున్‌బాయ్ అసన్‌కుల్‌తో. “మీ అమ్మగారి కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడుగుతుంది. సరైన మాటతో కొత్త ప్రకటన రాయించుకొస్తుంది. మంగళవారం సంచికలో దిద్దుబాటు వేస్తాం.”

శనివారం అసన్‌కుల్ లారీలో బయల్దేరారు. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఎగువ మేతల నుంచి మందలు దిగే కాలం. మలుపు మలుపుకీ గొర్రెలు అడ్డం. లారీ ఆగినప్పుడల్లా కాపర్లు దగ్గరికొచ్చి టోపీ ఎత్తి, మీ నాన్న మంచి మనిషి అని ఆయనతో రెండు ముక్కలు చెప్పి పోయేవారు. అందులో ఒక ముసలి కాపరి, “పత్రికలో చదివించుకున్నాను నాయనా,” అని కళ్ళు తుడుచుకున్నాడు. అసన్‌కుల్ స్టీరింగుకేసి చూస్తూ కూచున్నాడు.

ఇల్లు కనుమ మొదట్లో, మట్టిగోడలది. వాకిట్లో సంతాపానికి వేసిన గుడారం ఇంకా ఉంది. దోరోన్‌బెక్ భార్య కాలిమాన్ అమ్మ నల్లబట్టల్లో దాని లోపల, గోడకేసి తిరిగి కూచుని ఉంది. కొత్త మనిషి అడుగుల చప్పుడు వినగానే రివాజు ప్రకారం గొంతెత్తి శోకం పెట్టింది. బురుల్చా ఆమె పక్కన మోకాళ్ళమీద కూచుని, భుజం చుట్టూ చెయ్యివేసి తనూ ఏడ్చింది. ఎవరికోసం ఏడుస్తోందో ఆమెకే స్పష్టంగా లేదు. అది సద్దుమణిగాక ముఖం కడుక్కుని, నూనెలో వేయించిన పిండిముద్దలు బొర్సోక్‌లు, ఉప్పు వేసిన పాల టీ ముందు పెట్టుకున్నారు.

“నువ్వెవరి తాలూకు తల్లీ?” అంది కాలిమాన్ అమ్మ.

“నేను పత్రిక నుంచి వచ్చానమ్మా. మీ కాగితం దిద్దింది నేనే.”

కాలిమాన్ అమ్మ ముఖం విప్పారింది. పరుపు మడతలోంచి పత్రిక బయటికి తీసింది. నల్లపెట్టె చుట్టూ వేలు పెట్టి తడిమినట్టు కాగితం మెత్తబడి ఉంది. “మార్చకుండా వేశారు. మారుస్తారేమోనని భయపడ్డాను. ఈ కొత్త అక్షరాలు నాకు రావు. మనవరాలితో చదివించుకున్నాను, మూడుసార్లు.”

బురుల్చా తెచ్చుకున్న క్షమాపణను పక్కన పెట్టి కప్పు అందుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అసన్‌కుల్ ముందుకొచ్చాడు.

“అమ్మా, నువ్వే రాశావా?”

“మరెవరు రాస్తారు?”

“నీకు రాయడం వచ్చా?”

“వచ్చేది. పెళ్ళయిన కొత్తలో రాత్రిబడికి పంపారు, అక్కడ నేర్చుకున్నాను. నాలుగేళ్ళకి ఆ అక్షరాలు మార్చేశారు. కొత్తవి నేర్చుకుందామంటే చంకలో నువ్వు, పొయ్యి మీద కుండ. అప్పట్నించీ వేలే వేస్తున్నాను.”

“మరి ఆ పేరు?” అంది బురుల్చా. “పేరు మాత్రం వేరే చేత్తో ఉంది.”

“అది టపా అబ్బాయి రాశాడు. నేనెట్లా రాస్తానమ్మా ఆ పేరు?” కాలిమాన్ అమ్మ నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. “పదిహేడేళ్ళకి ఈ ఇంటికొచ్చాను. మొగుడి పేరు నోట రాకూడదు, మామగారి పేరు రాకూడదు, బావగార్ల పేర్లు రాకూడదు. మా మామగారి పేరు కోజూబెక్. కోజూ అంటే గొర్రెపిల్లేగా? ఆయన పోయేదాకా నేను గొర్రెపిల్లని ‘మ్యా అనేది’ అనే అన్నాను. ‘అత్తా, మ్యా అనేది ఒకటి తప్పిపోయింది’ అని చెప్పేదాన్ని. ఊరంతా నవ్వేవాళ్ళు.”

బురుల్చాకూ నవ్వొచ్చింది. చావింట్లో నవ్వకూడదని పెదవి కరుచుకుంది.

“మరి ఆయన్నేమని పిలిచేవారు?”

“ఏమనీ లేదు. దగ్గేదాన్ని. లేకపోతే కుండమీద గరిటెతో కొట్టేదాన్ని. తిరిగి చూసేవాడు. అయిదేళ్ళు అట్లాగే కాపరం చేశాం. నలభై రెండులో యుద్ధానికి పట్టుకుపోయారు.” ఆమె లేచి, పరుపుల దొంతర వెనక ఉన్న చిన్న పెట్టె తెచ్చింది. అందులో మూడు కోణాలుగా మడిచిన కాగితాలు, పసుపుపచ్చగా, దారంతో కట్టినవి. “మొదటి ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే, ‘నా కెంపిర్‌కి’ అని రాసుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు! ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం పోయి కూడా నన్ను ముసల్దంటాడా అని. రెండో ఉత్తరంలోనూ అదే మాట. నేను జవాబే రాయలేదు. అప్పుడు ఇది వచ్చింది.”

అసన్‌కుల్‌కు అందించబోయి, ఆగి, బురుల్చాకు ఇచ్చింది. “వాడికి ఈ అక్షరాలు రావు. నువ్వు చదువు. గట్టిగా.”

బురుల్చా వెలుతురులోకి జరిగింది. జర్మన్ పంతులమ్మను తలుచుకుంటూ ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది.

“నా కెంపిర్‌కి. కోపమొచ్చిందని తెలుసు. జవాబు లేకపోతేనే తెలిసింది. ఇక్కడ మా అందరిలో ముసలివాళ్ళయ్యేది ఎవరో తెలియదు. నిన్నటిదాకా నా పక్కన పడుకున్నవాడికి పంతొమ్మిది. నేను కెంపిర్ అని రాసినప్పుడల్లా నాకు నువ్వు పళ్ళూడిపోయి, నడుం వంగిపోయి, నామీద కసురుకుంటూ కనిపిస్తావు. నువ్వు కసరాలంటే నేను నీ పక్కన ఉండాలిగా. అందుకే రాస్తున్నాను. ఇంకో మాట రాయమంటే రాస్తాను. కానీ నాకిదే బాగుంది. నువ్వూ నన్ను అట్లాగే పిలువు. పిల్లవాడికి గుర్రం ఎక్కడం నేర్పించు.”

బయట ఒక గుర్రం ముక్కుతో బుసకొట్టింది.

“అప్పుడు నేను రాశాను,” అంది కాలిమాన్ అమ్మ. “‘నా అబిష్కాకి’ అని. చూశావా, అది పేరు కాదు. నోట్లోంచి వచ్చినా తప్పులేదు. నలభై అయిదు చివర్లో ఆయన దిగొచ్చాడు, మంచులో, నడిచి. నేను ఆ వాకిట్లో పిడకలు ఏరుతున్నాను. దగ్గలేదు, గరిటె కొట్టలేదు. ‘అబిష్కా!’ అని అరిచాను. ఆయన్ని నోరారా పిలవడం అదే మొదలు. అత్తగారు లోపల్నించి, ఎవడే ఆ ముసలోడు అని పరిగెత్తుకొచ్చింది.” ఆమె నవ్వింది, నవ్వులోనే కళ్ళు కారాయి. “తల నెరిసేదాకా అది అబద్ధం. తర్వాత్తర్వాత నిజమైపోయింది. ఎంతమందికి అంత అదృష్టం పడుతుంది? మా చెల్లెలి మొగుడు రాలేదు. ఈ కనుమలోంచి పోయినవాళ్ళు పదకొండుమంది, వచ్చినవాళ్ళు నలుగురు.”

అసన్‌కుల్ గుమ్మంలోనే కూచున్నాడు. “నా చిన్నప్పుడు నాన్న నిన్ను తిడుతున్నాడనుకునేవాణ్ణి అమ్మా. కెంపిర్, కెంపిర్ అంటుంటే పెద్దయ్యాక ఆయన్ని మానిపించాలనుకునేవాణ్ణి.”

“మానిపిస్తే నీ వీపు పగిలేది.”

“నేనొకసారి అడిగాను కూడా. అమ్మనెందుకు అట్లా అంటావని. నీకు తెలీదులేరా అన్నాడు, అంతే.”

“చెప్పడు. సిగ్గు ఆయనకి.”

అసన్‌కుల్ తన చేతిలోని పత్రిక చుట్ట విప్పుకుని నల్లపెట్టెను మళ్ళీ చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. “ఊళ్ళోవాళ్ళకి ఇదంతా ఏం తెలుసమ్మా? వాళ్ళు నవ్వుతున్నారు.”

“నవ్వనీ. నవ్వేవాళ్ళింట్లోనూ ముసలోళ్ళున్నారుగా.” కాలిమాన్ అమ్మ ఉత్తరాలు మడిచి దారం కట్టింది. “నువ్వు కొడుకువి. నీ తండ్రికి తగిన మాట నువ్వు వేసుకో, నేను కాదనను. ఆయన నీకు అక్సకాల్, జిల్లాకి అక్సకాల్. నా మాటను మాత్రం తప్పని రాయించకు.”

తిరుగుదారిలో అసన్‌కుల్ మాట్లాడుతూనే ఉన్నాడు. తండ్రి గుర్రమెక్కడం నేర్పిన సంగతి, మందు మానేసిన సంగతి, ఒకసారి వరదలో పిల్లగుర్రాన్ని భుజాన వేసుకుని దాటిన సంగతి, అన్నీ. బురుల్చా వింటూ కూచుంది. ఊరు దగ్గరపడ్డాక లారీ పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆనించుకుని ఏడ్చాడు. తండ్రి పోయాక అదే మొదటిసారి అనుకుంటా అన్నాడు, ముఖం తుడుచుకుంటూ.

సోమవారం తుర్గున్‌బాయ్ తయారుగా ఉన్నాడు. దిద్దుబాటు తనే రాసిపెట్టుకున్నాడు: ‘గత సంచికలో అబిష్కా అని పడినచోట అక్సకాల్ అని చదువుకోవలెను.’

“ఇది వద్దన్నా,” అంది బురుల్చా.

“వద్దనడానికి నువ్వెవరు? నీమీద ఇంకా నేను ఆర్డరే రాయలేదు.”

“రాయండి. కానీ ఇది తప్పు కాదు, దిద్దడానికి. అది భార్య ప్రకటన. కొడుకులది ఇంకోటి వేద్దాం. దాంట్లో అక్సకాల్ అని వేద్దాం.”

“ఒక్క మనిషికి రెండుసార్లా? ఎక్కడన్నా ఉందా? రేపు పార్టీ కమిటీవాళ్ళు ఫోను చేసి దోరోన్‌బెక్ రెండోసారి ఎప్పుడు పోయాడని అడిగితే?”

సిదిక్ మామ వెనకగది గుమ్మంలో నిలబడి దగ్గాడు. అది దగ్గో నవ్వో తెలియలేదు. అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడ్డ అసన్‌కుల్ బల్ల దగ్గరికి వచ్చి, దిద్దుబాటు కాగితాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు.

“తుర్గున్‌బాయ్ అన్నా, ఫిర్యాదు చేసింది నేను. వెనక్కి తీసుకుంటున్నాను. చెల్లి చెప్పినట్టు చెయ్యండి. మా అమ్మ మాట అట్లాగే ఉండనివ్వండి.”

సంపాదకుడు చాలాసేపు బల్లమీద వేళ్ళతో తాళం వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చే ఫోన్లంటే భయం, అంతే. చివరికి, “కానివ్వండి,” అన్నాడు. కోపం తీరక బురుల్చా పేరుమీద మందలింపు రాయించి నోటీసు బోర్డుకు పెట్టించాడు. నెల రోజులు అక్కడే ఉంది. ‘నిర్దేశించిన పదములను ఉద్దేశపూర్వకముగా ఉపేక్షించినందుకు’ అని. సిదిక్ మామ అటు వెళ్ళినప్పుడల్లా దాన్ని గొంతెత్తి చదివి, “ఎంత బాగా రాశాడే!” అనేవాడు.

దోరోన్‌బెక్ పోయిన నలభయ్యోరోజు విందుకు కోక్-జార్‌లో రెండువందలమంది దాకా చేరారు. బురుల్చాను అసన్‌కుల్ స్వయంగా వచ్చి తీసుకెళ్ళాడు. పెద్దవాళ్ళకు వేసిన గుడారంలో మాంసం పళ్ళాలు తిరుగుతున్నాయి. అందరికంటే పెద్దవాడు బెగిమ్‌కుల్ అక్సకాల్, ఛాతీదాకా గడ్డమున్న నిజమైన తెల్లగడ్డం. కాలిమాన్ అమ్మ టీ అందించడానికి వచ్చినప్పుడు ఆయన ఊరుకోలేకపోయాడు.

“ఏమ్మా మరదలా, మా అక్సకాల్‌ని పట్టుకుని పత్రికలో ముసలోణ్ణి చేసేశావట?”

గుడారమంతా చెవులు రిక్కించింది. అసన్‌కుల్ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు.

“మీకు ఆయన ఈమధ్యనే కదా బావగారూ అక్సకాల్ అయింది,” అంది కాలిమాన్ అమ్మ, కప్పు ఆయన చేతిలో పెడుతూ. “నాకయితే ఆయన గడ్డం నెరవని రోజుల్నించీ ముసలోడే.”

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. ఆ నవ్వు ఆగకముందే ఆడవాళ్ళ వైపు నుంచి బెగిమ్‌కుల్ భార్య గొంతు వినబడింది: “ఈయన నన్నేమంటాడో చెప్పమంటారా? అది పత్రికలో వేస్తే పత్రిక మూసేస్తారు!” బెగిమ్‌కుల్ గడ్డం టీలో మునిగింది. ఆయన నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, తుడుచుకున్న కళ్ళు మళ్ళీ తడిస్తే ఆ చెయ్యి అలాగే ముఖంమీద ఉంచుకున్నాడు. ఆయనా దోరోన్‌బెక్కూ ఒకే రోజు యుద్ధానికి వెళ్ళినవాళ్ళు.

ఆ చలికాలం పత్రికకు వింత కాగితాలు రావడం మొదలైంది. పోయినవాళ్ళను ఇంట్లో ఏమని పిలుచుకునేవారో అదే రాసి పంపేవారు. ఒకాయన భార్యను ‘మా అరుపులామె’ అని రాశాడు. తుర్గున్‌బాయ్ తలపట్టుకుని చాలావాటిని మార్పించేవాడు. ఒకటీ అరా మాత్రం ఆయన ఊళ్ళో లేనప్పుడు పడిపోయేవి. రెండేళ్ళకు అదంతా దానంతటదే సద్దుమణిగింది. గోడమీది కాగితం మాత్రం పసుపుబారేదాకా అక్కడే ఉంది.

కాలిమాన్ అమ్మ ఆరు చలికాలాల తర్వాత పోయింది. అప్పుడు బురుల్చా రెండో కాన్పుకు రాజధాని ఫ్రుంజే నగరంలో ఆసుపత్రిలో ఉంది. వచ్చి చూసుకునేసరికి నల్లపెట్టెలో ‘గౌరవనీయ బైబిచే’ అని పడిపోయి ఉంది. కొడుకులు అట్లాగే రాసిచ్చారట. వాళ్ళు అనవలసిన మాట అదే. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా బురుల్చా ఆ సంచికను కాసేపు పక్కన పెట్టలేకపోయింది. ఇంకోలా పిలవగలిగిన మనిషి ఒక్కడే, ఆయన ముందే వెళ్ళిపోయాడు కదా అనుకుంది.

ఇప్పుడు ఆ పత్రిక లేదు. ఆ భవనంలో ఫోన్లు అమ్ముతున్నారు. సిదిక్ మామ గడ్డం పెంచకుండానే పోయాడు. బురుల్చాకు డెబ్బై దాటాయి. కిందటి శరత్కాలంలో ఒక రోజు సంతనుంచి వస్తూ, ఎందుకో తోచి, జిల్లా గ్రంథాలయంలోకి వెళ్ళి డెబ్బై నాలుగు నాటి కట్ట అడిగింది. అక్కడి అమ్మాయి దుమ్ము దులిపి తెచ్చిచ్చి, “మీ బంధువులాండీ?” అంది, నల్లపెట్టె దగ్గర ఆమె వేలు ఆగడం చూసి.

“కాదమ్మా. ప్రూఫులు దిద్దింది నేను.”

కిటికీ పక్కన కూచుని మెల్లగా చదువుకుంది. సిరా పలచబడిందిగానీ అక్షరాలు నిలిచే ఉన్నాయి. ‘తలుచుకోండి’ అన్న మాట దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది. మధ్యలో ఒక అక్షరం తలకిందులుగా పడి ఉంది. సిదిక్ మామ తిరగేసి పెట్టాడు. ఆ రోజు తన కళ్ళన్నీ పై వాక్యం మీదే ఉండి ఉంటాయి. జిల్లా అంతా అంత గొడవపడి చదివిన ప్రకటనలో ఇన్నేళ్ళూ ఆ తప్పు ఎవరికీ కనబడలేదు.

అమ్మాయి బిత్తరపోయి చూస్తుండగా బురుల్చా ఆ పేజీమీద చెయ్యివేసి, గ్రంథాలయమని కూడా చూడకుండా, పకపకా నవ్వింది.